నలుగురూ చేరితేనే గెలుపు

గంధశిల రాజ్యపు ఉత్తర సరిహద్దులో రక్కసిలోయ ఉంది. దాని అందం వర్ణించడానికి ఆదిశేషుడికి కూడా నోళ్లు చాలవని ఆస్థాన కవులు ఏకగ్రీవంగా రాశారు. వాళ్లలో ఒక్కడైనా అక్కడికి వచ్చి చూసిన పాపాన పోలేదు. అయితే అందం మాట అబద్ధం కాదు. ఇరువైపులా పసుపురాతి కొండలు మబ్బుల్ని ఒరుసుకుంటూ నిలబడ్డాయి. వాటి అంచుల నుంచి వేయి చోట్ల సన్నని జలధారలు ముత్యాలసరాల్లా జారుతున్నాయి. చరియల నిండా మోదుగులు విరగబూసి కొండకు నిప్పంటుకుందా అనిపిస్తున్నాయి. అడుగున మరకతాలు కరిగించి పోసినట్టు మొసలిమడుగు నిశ్చలంగా మెరుస్తోంది. పరుగుపందెం మొదలైన ఐదో నాటి ఉదయం ఆ మడుగు ఒడ్డున నలుగురు మనుషులు నిలబడి, ఇంత సౌందర్యాన్నీ గాలికి వదిలేసి, పోట్లాడుకుంటున్నారు.

"పుట్టిలో ముందెవరు ఎక్కాలన్నది మర్యాదకు సంబంధించిన విషయం," అన్నాడు పోకచెక్కల వర్తకుడు రంగయ్య శెట్టి.

"మర్యాద మునిగేటప్పుడు చూసుకుందురు గానీ, ముందు ఎక్కండి శెట్టిగారూ," అంది నూకాలు.

రంగయ్య శెట్టి శెట్టీ కాడు, రంగయ్యా కాడు. పొరుగున ఉన్న మాల్యవంత రాజ్యపు యువరాజు మకరందుడు. "ఒక్క పని, ఒక్కటంటే ఒక్కటి, మొదలుపెట్టి పూర్తి చేసి వచ్చి అప్పుడు నా మొహం చూడు" అని తండ్రి గెంటేస్తే, కీర్తి సంపాదించుకు పోదామని మారువేషంలో ఈ పరుగులో చేరాడు. మారువేషంలో ఉన్నవాడి కీర్తి ఎవరి పేరున జమపడుతుందనే సందేహం ఆయనకు ఇంతవరకు తట్టలేదు. పోకకాయ చెట్టుకు కాస్తుందో భూమిలో ఊరుతుందో తెలియని ఆ శెట్టిగారి గుట్టు మొదటి రోజు మధ్యాహ్నానికే మిగిలిన ముగ్గురికీ తెలిసిపోయింది. పాపం, చిన్నబుచ్చుకుంటాడని ఎవరూ బయటపడలేదు.

నూకాలు గంధవతి రేవులో పుట్టి నడిపే మనిషి. నలభై ఏళ్ల వయసు, నలుగురికి సరిపడా బలం, పదిమందికి సరిపడా నోరు. వెదురుతో అల్లి తోలు తొడిగిన తన గుండ్రటి పుట్టిని ఐదు రోజులుగా వీపున మోసుకుని కొండలూ గుట్టలూ ఎక్కి దిగింది. మూడో మనిషి కుప్పాచారి. ఒక మాంత్రికుడి దగ్గర పదేళ్లు శుశ్రూష చేసి బయటపడ్డవాడు. ఆ గురువు ప్రతి మంత్రంలోనూ మొదటి సగమే చెప్పి, రెండో సగం పదకొండో ఏట చెబుతానన్నాడు. కుప్పాచారికి పదో ఏటి చివర్లో కోపం వచ్చింది. అందువల్ల ఆయన దగ్గర లోకంలోని మంత్రాలన్నీ ఉన్నాయి, సగం సగం.

నాలుగోవాడు సింగన. రాజుగారి అంచెబంటు. ఆమడకొక బంటు చొప్పున నిలబడి, ముందువాడు తెచ్చిన లేఖల సంచిని అందుకుని తన ఆమడ దూరం పరిగెత్తి, తర్వాతవాడి చేతికిచ్చి ఆగిపోవడం వాళ్ల పని. పద్దెనిమిదేళ్లుగా సింగన అదే పని చేస్తున్నాడు. ఈ జట్టులో నిజంగా పరుగు వచ్చినవాడు అతనొక్కడే. నిజంగా గెలవాల్సిన అవసరం ఉన్నవాడూ అతనొక్కడే.

ఈ పరుగును రాజుగారి తాతగారు పెట్టారు. పన్నెండేళ్లకొకసారి, నలుగురేసి మనుషుల జట్లు, ఇరవై ఆమడల దూరం, ఐదు పగళ్లు. దారిలో నాలుగు మజిలీల్లో నాలుగు లక్కముద్రలు సంపాదించి, ఐదో నాటి సూర్యాస్తమయంలోగా కోట సింహద్వారం చేరాలి. చేరడమంటే నలుగురూ చేరాలి. ముగ్గురొచ్చి నాలుగోవాడు వెనక వస్తున్నాడంటే కుదరదు. నలుగురు మనుషులు ఐదు రోజులు కలిసి కష్టపడితే జన్మజన్మల స్నేహితులవుతారని తాతగారి నమ్మకం. ఆయన జీవితంలో ఎన్నడూ ముగ్గురితో కలిసి ఒక పూటైనా నడిచి ఎరగడు.

ముందు చేరిన జట్టుకు ఒక రాజవాక్కు దక్కుతుంది. ఏది కోరితే అది రాజు తీర్చి తీరాలి. సింగనకు కావలసింది అదే.

అతని అక్క కోటలో పూలమాలలు కట్టేది. మూడేళ్ల కిందట ఉద్దండవర్మ మహారాజు నిండుసభలో తన స్వీయ రచన వినిపించారు. రాణిగారి ముక్కును మొదటి పాదంలో సంపెంగతోనూ, ప్రాస కుదరక నాలుగో పాదంలో మందర పర్వతంతోనూ పోల్చారు. సభంతా ఆహా అంది. సింగన అక్క మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. మహారాజు కవి గనక క్షమించాడు, రాజు గనక శిక్షించాడు. ఆస్థాన మాంత్రికుడు ధూమకర్ణుడు ఎర్రబూడిద చల్లి, నవ్వుతున్న మనిషిని నవ్వుతున్నట్టే రాయిని చేసేశాడు. ఆనాటి నుంచి రాజుగారు సభలోకి వస్తూ తలపాగా తీసి ఆమె ఎత్తిన చేతికి తగిలిస్తున్నారు. ఇప్పుడు వెన్నెల్లో కూర్చుని పద్యాలు రాసుకోవడానికి ఆయనకు ఏడంతస్తుల బురుజు కావలసివచ్చింది. పునాదిలో మనిషిరాళ్లు వేస్తే బురుజు వెయ్యేళ్లు నిలుస్తుందని ధూమకర్ణుడు సెలవిచ్చాడు. శంకుస్థాపన రేపు ఉదయం. అక్కను గోతిలో దించి పైన సున్నం పోస్తారు.

అందుకే సింగన ఆ పోట్లాటలో కల్పించుకోకుండా శెట్టిగారిని నడుం పట్టుకుని ఎత్తి పుట్టిలో కుదేశాడు.

ఇద్దరు పట్టే పుట్టిలో నలుగురు ఎక్కారు. నూకాలు తెడ్డు వేసింది. పుట్టి గిరగిరా తిరుగుతూ మడుగు మధ్య ఉన్న బండ వైపు సాగింది. సగం దూరం పోయేసరికి నీళ్లలోంచి తాటిదుంగంత మొసలి ఒకటి లేచి, మధ్యాహ్న భోజనం స్వయంగా నడిచి వచ్చినందుకు సంతోషించి నోరు తెరిచింది.

"ఆచారిగారూ! మంత్రం!" అరిచాడు సింగన.

కుప్పాచారి కళ్లు మూసుకుని నిద్రామంత్రం గంభీరంగా అందుకున్నాడు. సగం వరకే వచ్చు గనక సగానికే పని చేసింది. మొసలి తల గుర్రుపెట్టి నిద్రపోయింది. తోక మెలకువగానే ఉంది. ఆ తోక కొట్టిన దెబ్బకు పుట్టి నీళ్ల మీద నుంచి బంతిలా ఎగిరి, నేరుగా వెళ్లి బండ మీద పడింది. దిగాల్సిన చోటే దిగాం గదా అని కుప్పాచారి తన పాండిత్యానికి తానే మురిసిపోయాడు.

బండ మీద గొడుగు కింద ముద్రాధికారి కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు పుట్టి బోర్లాపడి, దానికింద నుంచి నలుగురు పాక్కుంటూ బయటికొస్తున్నారు. ఆయన తొణకలేదు. ఆచారం ప్రకారం ఒక్కొక్కరినీ విడివిడిగా అడిగాడు.

"నీవు బతికి ఉన్నావా?"

"ఉన్నాను," అన్నాడు సింగన, నీళ్లు కక్కుతూ.

ప్రతివాడూ తన నోటితో ఆ మాట చెప్పాలి. పక్కవాడు చెబితే చెల్లదు. పూర్వం ఒక జట్టు చచ్చినవాణ్ణి భుజాన వేసుకొచ్చి "నిద్రపోతున్నాడండీ" అని నాలుగు మజిలీలు గడిపిందట. అప్పటి నుంచి ఈ ఆచారం. నలుగురూ ఉన్నామన్నారు. అధికారి నాలుగో లక్కముద్ర వేశాడు. ముద్రలున్న తోలుసంచిని సింగన మెడలో వేసుకున్నాడు. ఆ సంచికి ఒక మహిమ ఉంది. అది ఒంటి మీద ఉన్నవాడిపై ఎవరి మంత్రమూ పారదు, వాడు వేసే మంత్రమూ పారదు. మంత్రాలతో పరుగు గెలవకుండా తాతగారు ఆ మాత్రం జాగ్రత్త పడ్డారు.

"మా కంటే ముందు ఎవరైనా వచ్చారా?" అడిగాడు మకరందుడు.

"రాజుగారి బావమరిది పుండరీకులవారి జట్టు దయచేయాల్సి ఉంది. దారిలో ఉన్నారు."

దారిలో అంటే పల్లకీలో. పుండరీకుడూ అతని ముగ్గురు స్నేహితులూ ఐదు రోజులుగా పల్లకీల్లోనే పరిగెడుతున్నారు. ప్రతి మజిలీకి నూరడుగుల ముందు దిగి, ఒంటి మీద పన్నీరు చెమటలా చిలకరించుకుని, రొప్పుతూ వస్తారు. వాళ్లను మోసే బోయీలు మాత్రం ఇరవై ఆమడలూ నిజంగానే నడుస్తున్నారు. అయితే వాళ్ల పేర్లు జాబితాలో లేవు. పుండరీకుడు గెలిస్తే ధూమకర్ణుణ్ణి మహామంత్రిని చేయమని కోరతాడు. ఒప్పందం ఎప్పుడో అయిపోయింది.

మడుగు దాటితే రాచబాట. కోటకు మూడంటే మూడు ఆమడలు. బాట వెడల్పుగా, చదునుగా, ఇరువైపులా నేరేడు చెట్ల నీడతో ఉంది. దాన్ని చూడగానే సింగన కాళ్లకు ప్రాణం లేచొచ్చింది. నాలుగు రోజులు ముళ్లలోనూ రాళ్లలోనూ దేకినవాడు ఇప్పుడు తన సొంత ఇంట్లోకి వచ్చినట్టు పరుగందుకున్నాడు. "మీరు వస్తూ ఉండండి, నేను తోవ చూస్తా" అని ముందుకు పోయాడు. అంచెబంట్ల పరుగులో బుర్రకు పని ఉండదు. కళ్లు అరమూసుకుని, ఊపిరి లెక్కపెట్టుకుంటూ కాళ్లను వాటి మానాన వదిలేస్తారు. ఆమడ గడిచింది. ఎదురుగా ఆమడరాయి కనిపించింది. రాయి పక్కన తలపాగా చుట్టుకున్న బంటొకడు ఎడమచెయ్యి చాచి నిలబడి ఉన్నాడు.

"దొర సొత్తు దొరకే!" అన్నాడు ఆ బంటు.

"దొరకే!" అంటూ సింగన మెడలోని సంచి తీసి ఆ చేతిలో పెట్టాడు.

అంచెల్లో మొహం చూసే ఆచారం లేదు. మాట వినాలి, చెయ్యి చూడాలి, ఇచ్చెయ్యాలి. క్షణం ఆలస్యమైతే కొరడా దెబ్బలు. పద్దెనిమిదేళ్లలో సింగన కొన్ని వేలసార్లు అలాగే ఇచ్చాడు. ఇప్పుడూ ఇచ్చాడు. ఇచ్చి, పని పూర్తయిందన్న తృప్తితో ఆమడరాయికి వీపు ఆన్చి కూర్చుని పిక్కలు పిసుక్కోవడం మొదలుపెట్టాడు.

కాసేపటికి మిగిలిన ముగ్గురూ ఆయాసపడుతూ వచ్చారు.

"ఏరా, కూచున్నావేంటి? దెబ్బ తగిలిందా?" అడిగింది నూకాలు.

"లేదక్కా. అయిపోయింది."

"ఏంటి అయిపోయింది? మెళ్లో సంచేదిరా?"

"ఇచ్చేశాను," అన్నాడు సింగన నిబ్బరంగా. ఆ మాట అన్నాక దాని అర్థం అతనికి మెల్లిమెల్లిగా తెలిసివచ్చింది.

"ఎవరికి ఇచ్చేశావురా?"

"బంటుకి... చెయ్యి చాపాడు..."

"చెయ్యి చాపితే ఇచ్చేస్తావా? తల అడిగితే తల కూడా ఇస్తావా? నీ అక్క ప్రాణం రా అది! దొంగచేతికి తాళంచెవులిచ్చి కూచుని పిక్కలు పిసుక్కుంటున్నావా చచ్చినోడా!"

"ఆ బంటు చెవులు ఎలా ఉన్నాయి నాయనా?" అడిగాడు కుప్పాచారి.

"చూడలేదు. తలపాగా కిందికి లాక్కున్నాడు. చెవి దగ్గర ఏదో పొగ..."

"ధూమకర్ణుడే," అన్నాడు కుప్పాచారి. "మా గురువు."

మూడు లోకాల్నీ గడగడలాడించే మహామాంత్రికుడు తన విద్యలన్నీ పక్కన పెట్టి, ఒక మురికి తలపాగాతో పని కానిచ్చుకున్నాడు. అయితే అతి తెలివి అన్నిసార్లూ కలిసి రాదు. సంచి ఒంటి మీద ఉన్నంతసేపూ అతని మంత్రమూ పారదు. గాలిలో ఎగరలేడు, మాయమవలేడు. సంచిని మంట వేసి కాల్చేదాకా ఎవరూ ఎత్తుకుపోకూడదు గనక కింద పెట్టనూ లేడు. డెబ్బై ఏళ్ల ఆ ముసలాయన పావుకోళ్లు వేసుకుని, కాషాయం ఎగ్గట్టి, సొంత కాళ్లతో పరిగెత్తాల్సి వచ్చింది.

"అడుగో!" అని అరిచాడు మకరందుడు. బాటకు పక్కగా, తుమ్మచెట్ల గుట్ట మీద, పావుకోళ్ల టకటక చప్పుడు పైకి ఎక్కుతోంది.

నలుగురూ ఎగబడ్డారు. సింగన బాణంలా ముందుకు దూకాడు. తుమ్మముళ్లు ఒళ్లంతా చీరేస్తున్నా తెలియలేదు. గుట్ట మీద చదునుబండ దగ్గర ధూమకర్ణుడు చెకుముకి రాయి తీసి మంట వేయబోతున్నాడు. ఎంత కొట్టినా నిప్పు పడలేదు. ఇరవై ఏళ్లుగా చిటిక వేసి మంట పుట్టించుకున్నవాడికి చెకుముకి వాడుక ఏం తెలుస్తుంది?

"ఓరీ మానవాధమా! నిలువుము! ఇంకొక్క అడుగు వేసితివా, భస్మమైపోదువు!" అని గర్జించాడు.

"సంచి మెళ్లో ఉండగా భస్మం చేయలేవు గురూ," అని కింద నుంచి కుప్పాచారి రొప్పుతూ గుర్తుచేశాడు. "నువ్వు చెప్పిన మొదటి సగంలోనే ఉంది ఆ మాట."

నూకాలు మాటలతో కాలయాపన చేయలేదు. పక్క నుంచి వచ్చి తెడ్డుతో ఒక్కటిచ్చింది. ధూమకర్ణుడు బోర్లా పడ్డాడు. సంచి మెడ నుంచి జారి బండ మీద పడింది. అతని మొలతాడు తెగి, దానికి వేలాడుతున్న రెండు బూడిదకొమ్ములూ ఊడాయి. ఎర్రకొమ్ము అతని చేతికి చిక్కింది, తెల్లకొమ్ము దొర్లుకుంటూ పోయింది. సింగన వంగి సంచి కోసం చెయ్యి చాపాడు. సంచి జారిందంటే మాంత్రికుడికి మళ్లీ బలం వచ్చిందన్నమాట. ధూమకర్ణుడు ఎర్రకొమ్ము మూత తీసి, వంగిన సింగన మీదికి బూడిద గుప్పెడు విసిరాడు.

ఆ క్షణంలో మకరందుడు అడ్డంగా దూకాడు.

ఐదు రోజులుగా ఆ యువరాజు ఏ బరువూ మోయలేదు, ఏ కట్టెపుల్లా ఏరలేదు, ఎక్కిన ప్రతి కొండనూ తిట్టాడు, దిగిన ప్రతి లోయనూ తిట్టాడు. ఆయన చేసిన మొదటి ఉపయోగకరమైన పని ఇదే. ఆ పని పూర్తయ్యేసరికి మోకాళ్ల దాకా రాయయ్యాడు. "అరె..." అనేసరికి మెడ దాకా అయ్యాడు. చేతులు బార్లా చాపి, నోరు తెరిచి, పోకచెక్కల వర్తకుడు రంగయ్య శెట్టి నల్లరాతి విగ్రహమై నిలిచిపోయాడు.

సింగన సంచి మెడలో వేసుకుని తెల్లకొమ్ము మీదికి దూకాడు. ఇక అతన్ని ఏమీ చేయలేనని గ్రహించిన ధూమకర్ణుడు నల్లగద్దగా మారి, ఒక పావుకోడు వదిలేసి, కోట వైపు ఎగిరిపోయాడు.

ముద్రలు నాలుగూ దక్కాయి. మనుషులు మాత్రం ముగ్గురే మిగిలారు. పొద్దు పడమటికి వాలింది. ఇంకా రెండు ఆమడల దారి ఉంది. కింద రాచబాట మీద బోయీల "ఓహొం ఓహొం" వినిపిస్తోంది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే.

"ఎత్తుకుపోదాం," అన్నాడు సింగన.

ముగ్గురూ కలిసి పట్టారు. విగ్రహం జానెడు కదల్లేదు.

"కదిలినా లాభం లేదు నాయనా," అన్నాడు కుప్పాచారి. "ద్వారం దగ్గర బతికి ఉన్నావా అని అడుగుతారు. రాయి ఏమని చెబుతుంది?"

సింగన వినలేదు. మళ్లీ భుజం ఆన్చి, చెంప విగ్రహం రొమ్ముకు నొక్కి, బలమంతా పెట్టి తోశాడు. తోస్తూ తోస్తూ హఠాత్తుగా ఆగిపోయాడు. చెవి అక్కడే ఆన్చి ఉంచాడు.

"ఏంట్రా?" అంది నూకాలు.

"కొట్టుకుంటోంది. గుండె. లోపల కొట్టుకుంటోందక్కా."

నూకాలు కూడా చెవి పెట్టి వింది. నిజమే. నెమ్మదిగా, ఎక్కడో నూతిలో బొక్కెన తగిలినట్టు కొట్టుకుంటోంది.

"బతికే ఉంటారు," అన్నాడు కుప్పాచారి తలదించుకుని. "కదల్లేరు, పలకలేరు. వినికిడి మాత్రం పోదు. అది కూడా మొదటి సగంలోనే ఉంది. నీకు చెప్పడానికి నాకు నోరు రాలేదు."

సింగన అక్కడే కూలబడ్డాడు. మూడేళ్లలో లేఖలు చేరవేయడానికి ఎన్నిసార్లు కోటలోకి పోయాడు! ఎన్నిసార్లు అక్క పక్క నుంచే నడిచాడు! రాయితో మాట్లాడటమేమిటని, చూస్తే గుండె తరుక్కుపోతుందని, తలవంచుకుని పోయేవాడు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి పలకరించలేదు. తన అడుగుల చప్పుడు ఆమె గుర్తుపట్టే ఉంటుంది. వచ్చాడనీ తెలుసు, మాట్లాడకుండా పోయాడనీ తెలుసు. సింగనకు ఏడుపు ఆగలేదు. చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

కుప్పాచారి తెల్లకొమ్ము అందుకుని మూత తీసి చూశాడు.

"విడుపు బూడిద. గ్రహణం నాడు మాత్రమే కాలుస్తాడు. ఒక్క మనిషికి సరిపోతుంది, అంతే." మూత పెట్టి కొమ్మును సింగన చేతికిచ్చాడు. "నా మాట విను సింగన్నా. పరుగు సంగతి మరిచిపో. కోటలోకి పోవడం నీకు కొత్త కాదు గదా. ఈ కొమ్ము పట్టుకుపోయి మీ అక్క మీద చల్లు. ఈయన రాజుగారి బిడ్డ. రేపో మాపో వాళ్ల నాన్న సైన్యంతో వచ్చి విడిపించుకుంటాడు. మీ అక్కకు నువ్వు తప్ప ఎవరున్నారు?"

ఆ మాటలో తప్పు లేదు. బూడిద ఈయన మీద చల్లితే చేతిలో ఉన్నది పోతుంది. నలుగురూ అస్తమయంలోగా చేరాలి, పుండరీకుడి కంటే ముందు చేరాలి, ఆపైన ఉద్దండవర్మ మహారాజు ఇచ్చిన మాట మీద నిలబడాలి. ఆయన పద్యంలో యతి మీదే నిలబడలేనివాడు.

సింగన కళ్లు తుడుచుకుని లేచాడు. కొమ్ము మొలలో దోపుకున్నాడు. విగ్రహం వైపు చూడకుండా గుట్ట దిగసాగాడు. పది అడుగులు వేశాడు. నూకాలు కదల్లేదు.

"రా అక్కా."

"వస్తాను లేరా. ఒక్కటి చెప్పు. మీ అక్క లేవగానే నిన్ను అడుగుద్ది. ఎలా తెచ్చావురా, నీతో ఎవరొచ్చారు అని అడుగుద్ది. నువ్వు చెప్పగా చెప్పగా దాని సంగతి నాకు తెలిసింది. ఏం చెప్తావ్?"

సింగన మొలలోని కొమ్మును తడుముకున్నాడు.

"నాకు అడ్డం పడి ఒకడు రాయయ్యాడు, గుండె కొట్టుకుంటుంటే విని కూడా ముళ్లలో వదిలేసి వచ్చానని చెప్తావా? చెప్పగలిగితే పద, నేనూ వస్తా."

కింద బోయీల కేకలు దగ్గరపడుతున్నాయి. ఎండ తుమ్మచెట్ల మొదళ్ల దాకా దిగింది. సింగన ఒక్క ఉదుటున వెనక్కి వచ్చి, మొలలోంచి కొమ్ము లాగి, మళ్లీ మనసు మారేలోగా బూడిదంతా విగ్రహం నెత్తిన గుమ్మరించాడు. కొమ్మును తలకిందులు చేసి దులిపాడు. లోపల రవ్వంత కూడా మిగల్లేదు.

నల్లరాయి మీద సన్నటి పగుళ్లు పాకాయి. పెంకు రాలినట్టు రాలి, లోపలి నుంచి యువరాజు మకరందుడు దగ్గుతూ మోకాళ్ల మీద పడ్డాడు. నూకాలు భుజం పట్టి లేపింది. ఐదు రోజుల అనుభవం కొద్దీ ముగ్గురూ తిట్లకు సిద్ధపడ్డారు. ఆయన తిట్టలేదు. ముందు సింగన వైపు, తర్వాత అతని చేతిలోని ఖాళీ కొమ్ము వైపు చూశాడు.

"అంతా విన్నాను," అన్నాడు.

కుప్పాచారి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నేల చూస్తున్నాడు.

"మీరు అన్నదాంట్లో తప్పు లేదు ఆచారిగారూ. అది కాదు నేను చెప్పేది. లోపల నొప్పి ఉండదు సింగన్నా. చీకటిగా కూడా ఉండదు. చెవులు మాత్రం ఊరుకోవు. ఎవరైనా మనతో ఒక మాట మాట్లాడతారేమోనని, ఊరికే అలా వింటూ ఉంటాం. నేనున్నది అరఘడియ కూడా లేదు. అదే ఒక యుగంలా ఉంది." ఆయన భుజాల మీది రాతిపొడి దులుపుకున్నాడు. "ఐదు రోజులుగా మీ అక్కగారి కోసమే పరిగెడుతున్నాం. ఆవిడ పేరేమిటో నేను అడగనే లేదు."

"మల్లసాని," అన్నాడు సింగన.

"అయితే మనం గెలిచినా సరే, ఓడినా సరే, కోటలో అడుగు పెట్టగానే ముందు ఆ పేరు పెట్టి గట్టిగా పిలువు. తక్కినవన్నీ తర్వాత."

సింగన తలూపాడు. కింద బాట మీద పుండరీకుడి పల్లకీ ఆమడరాయి దాటింది. నలుగురూ గుట్ట దిగి దాని వెనక పరుగందుకున్నారు.